మూసిన తలుపులు తెరిపించిన బిషప్ అజరయ్య

ఈస్టర్ పండుగ సంతోషం మన సంఘాల్లో ఎన్నాళ్లు నిలుస్తుంది? శ్రమకాలం నలభై రోజులూ ఇంటింటా ప్రార్థనలు జరుగుతాయి. మట్టల ఆదివారం నాడు పిల్లలు మట్టలు పట్టుకుని పాటలు పాడుతూ వీధుల్లో నడుస్తారు. శుభ శుక్రవారం నాటి మూడు గంటల ఆరాధనకు గుడిలో చోటు చాలదు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలుగుతాయి, పాటలు మిన్నంటుతాయి. మరి ఆ తర్వాతి ఆదివారం? రాంగోపాల్‌పేట్‌లోనైనా, మారుమూల పల్లెలోనైనా కాపరులందరికీ ఎదురయ్యే దృశ్యం ఒక్కటే. సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. పండుగ అయిపోయింది, పని మొదలైంది అన్నట్టు ఎవరి దారిన వారు వెళ్లిపోతారు.

ఇది మన కాలంలో పుట్టిన జబ్బు కాదు. మొదటి ఈస్టర్ తర్వాత కూడా ఇలాగే జరిగింది. ప్రభువు లేచాడన్న సంగతి శిష్యులకు తెలుసు. ఆయనను కళ్లారా చూశారు కూడా. అయినా ఎనిమిది దినాల తర్వాత వాళ్లున్న ఇంటి తలుపులు ఇంకా మూసే ఉన్నాయని యోహాను రాశాడు (యోహాను 20:26). ఆ పైన పేతురు మళ్లీ చేపలు పట్టడానికి బయలుదేరాడు. మిగిలిన వాళ్లూ అతని వెంట వెళ్లారు (యోహాను 21:3). సమాధి తెరుచుకుంది గానీ శిష్యుల తలుపులు తెరుచుకోలేదు. అవి తెరుచుకుని, భయపడినవాళ్లు వీధిలోకి వచ్చి సాక్షులుగా నిలబడింది పెంతెకొస్తు నాడు. అందుకే సంఘ క్యాలెండరులో ఈస్టర్ ఒక్క రోజుతో ముగిసిపోదు, పెంతెకొస్తు దాకా యాభై రోజుల కాలంగా సాగుతుంది.

ఈ యాభై రోజుల్లో మన తెలుగు సంఘాలు తలచుకోవలసిన జీవితం ఒకటి ఉంది. అది దోర్నకల్ బిషప్ వేదనాయగం సామ్యూల్ అజరయ్యది. సికింద్రాబాద్‌లో విజయవాడ రైలెక్కితే కాజీపేట దాటిన తర్వాత దోర్నకల్ జంక్షన్ వస్తుంది. చాలామంది అక్కడ టీ తాగి మళ్లీ రైలెక్కేస్తారు. వందేళ్ల క్రితం ఆ చిన్న ఊరి నుంచి మొదలైన ఆత్మీయ ఉజ్జీవం రెండు లక్షలమందికి పైగా విశ్వాసులున్న సంఘంగా ఎదిగిందని ఎందరికి తెలుసు?

అజరయ్య తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయగం హిందూ కుటుంబం నుంచి క్రీస్తును నమ్ముకుని, ఆ పల్లె సంఘానికే గురువైనవాడు. తల్లి ఎలెన్ ప్రార్థనాపరురాలు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన తర్వాత పుట్టిన బిడ్డ కాబట్టి, హన్నాను తలచుకుని సామ్యూల్ అని పేరు పెట్టుకుంది. కుర్రవాడికి పదిహేనేళ్లు రాకముందో వచ్చీరాగానేనో తండ్రి కన్నుమూశాడు. అజరయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివాడు. చివరి పరీక్షల సమయంలో జబ్బు పడడంతో పట్టా చేతికి రాలేదు. ఆ పట్టా లేని మనిషికే 1920లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ. సేవలో చేరి, దక్షిణ భారతమంతా తిరుగుతూ విద్యార్థుల మధ్య పనిచేశాడు. అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ ఆయనకు ప్రాణ స్నేహితుడయ్యాడు. 1902లో శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లినప్పుడు ఆయన మనసు కదిలిపోయింది. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో సువార్త పని సాగిస్తున్నారు. తిరునెల్వేలి సంఘాలు అంతకంటే పాతవి, పెద్దవి. అయినా తమ సరిహద్దు దాటి ఒక్క మనిషినీ పంపలేదు. సువార్త తమకు అందింది గానీ తమ దగ్గరే ఆగిపోయిందని ఆయన గ్రహించాడు.

ఆ మరుసటి ఏడే, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. విదేశీ డబ్బు లేకుండా, విదేశీ నాయకత్వం లేకుండా, భారతీయులే నడిపిన మిషను అది. వాళ్లు ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతం. 1905 క్రిస్మస్ రోజున, విలియం కేరీ సేవ చేసిన శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దాని స్థాపకుల్లోనూ అజరయ్య ముందున్నాడు.

ఇతరులను పొమ్మని చెప్పేవాడు తాను వెళ్లకుండా ఎలా ఉండగలడు? ఆ ప్రశ్న ఆయనను వెంటాడింది. 1909లో దేశమంతా పేరున్న పదవిని వదులుకుని, గురువుగా అభిషేకం పొంది, దోర్నకల్ చేరాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. అక్కడ ఇల్లు లేదు, గుడారమే నివాసం. భాష తెలియదు. అక్షరాల దగ్గర నుంచి మొదలుపెట్టి తెలుగు నేర్చుకున్నాడు. భార్య అన్బు మరియమ్మాళ్ ఆ రోజుల్లోనే కాలేజీ చదువు చదివిన స్త్రీ. ఆమె కూడా ఆయనతో పాటు ఈ నేలకు వచ్చి, తెలుగు స్త్రీల మధ్య, ఆడపిల్లల చదువు కోసం ఏళ్ల తరబడి పాటుపడింది.

1910లో ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన వందలాది ప్రతినిధుల్లో భారతీయులు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అజరయ్య వాళ్లలో ఒకడు. మిషనరీల త్యాగాన్ని ఆయన మనసారా మెచ్చుకున్నాడు. అయితే వాళ్లు ఆస్తులిచ్చినా, ప్రాణాలిచ్చినా, దేశీయ పనివారిని సాటివారిగా దగ్గరకు తీయలేదన్న సత్యాన్ని ఆ సభ ముందే పెట్టాడు. మాకు కావలసింది మీ ప్రేమ, మీ స్నేహం అని అడిగాడు. సభలో కొందరికి ఆ మాటలు ముల్లులా గుచ్చుకున్నాయి. ఆ మాటలు ఇప్పటికీ ప్రపంచ సంఘ చరిత్రలో చెప్పుకుంటూనే ఉన్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో ఆయన బిషప్‌గా ప్రతిష్ఠితుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయన పక్షాన నిలిచాడు గానీ, అభ్యంతరాలు తక్కువేమీ రాలేదు. ఒక భారతీయుడి చేతి కింద తెల్లవారు పనిచేయడమేమిటని కొందరు మిషనరీలు గొణిగారు. భారతీయ క్రైస్తవుల్లోనూ కొందరికి నచ్చలేదు. అజరయ్య ఎవరికీ మాటతో బదులు చెప్పలేదు. ముప్పై రెండేళ్ల పరిచర్యే ఆయన జవాబు.

ఆయన చేసిన పనిని లెక్కలతో మాత్రమే చూస్తే అసలు సంగతి దొరకదు. ఆ రోజుల్లో పల్లెల్లో క్రీస్తును నమ్ముకున్నవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల వారు, భూమి లేని కూలీలు. ఊరు వాళ్లను బయటే ఉంచింది. అంతకంటే బాధాకరమైన సంగతి, ఆ రెండు పేటల మధ్య కూడా గోడ ఉండేది. ఒకరింట ఒకరు తినరు, ఒకరి నీళ్లు ఒకరు తాగరు. బాప్తిస్మం పొందిన తర్వాత కూడా ఆ గోడ గుడి లోపలికి నడిచి వచ్చేది. అజరయ్య దీన్ని సహించలేదు. కుర్రవాడిగా బడిలో ఉన్నప్పుడే కులభేదాన్ని ఎదిరించినవాడు ఆయన. ప్రభువు బల్ల ఒక్కటే, రొట్టె ఒక్కటే, పాత్ర ఒక్కటే అని తన సంఘాలకు పదే పదే నేర్పాడు. ఎమ్మాయు ఇంట్లో ప్రభువును శిష్యులు గుర్తుపట్టింది రొట్టె విరిచినప్పుడు. పక్కవాడితో ఒకే రొట్టె పంచుకోలేని సంఘం లేచిన ప్రభువును ఎక్కడ గుర్తుపడుతుంది?

ఆయన పద్ధతి చాలా సులువైనది. ఎద్దుల బండిలో పల్లె పల్లెకూ తిరిగేవాడు. కూలి జనం పగలంతా పొలంలో ఉంటారు కాబట్టి పల్లెల్లో ఆరాధన సాయంత్రం, చీకటి పడిన తర్వాత జరిగేది. చదువురాని వాళ్లకు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు కంఠతా వచ్చేదాకా ఉపదేశకులు నేర్పేవారు. తాగుడు మానడం, శుభ్రంగా ఉండడం, పిల్లలను బడికి పంపడం శిష్యత్వంలో భాగమే. పేదలైనా సంఘానికి తమ వంతు ఇవ్వాలని ఆయన పట్టుబట్టాడు. అన్నం వండేముందు తీసి పెట్టిన పిడికెడు బియ్యం కూడా దేవునికి విలువైన కానుకే. క్రైస్తవ దాతృత్వం గురించి ఆయన ఒక పుస్తకమే రాశాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది బాప్తిస్మం నాటి ఆచారం. కొత్తగా బాప్తిస్మం పొందినవారు తమ చెయ్యి తమ తల మీదే పెట్టుకుని, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో పౌలు చెప్పినట్టు, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని ఒప్పుకునేవారు. గురువుకు, ఉపదేశకుడికి మాత్రమే కాదు, నిన్నటిదాకా పొలంలో కలుపు తీసిన అవ్వకూ అదే బాధ్యత. సాక్ష్య వారాల్లో సంఘ సభ్యులంతా గుంపులుగా పొరుగు పల్లెలకు వెళ్లి తమ జీవితంలో ప్రభువు చేసిన మేలు చెప్పేవారు. తమ కూలీల్లో వచ్చిన మార్పును కళ్లారా చూసి, పై కులాల రైతు కుటుంబాలు కూడా సువార్త వైపు తిరిగాయి. చదువుకున్న బోధకుల వాదం తెరవలేని తలుపులను తాగుడు మానిన కూలివాని జీవితం తెరిచింది.

సాక్షి అనే మాటకు క్రొత్త నిబంధన గ్రీకులో మార్తుస్ అని ఉంది. హతసాక్షి అనే అర్థం ఆ మాటకు తర్వాత వచ్చింది. చూసింది చెప్పేవాడు, చెప్పినదాని కోసం నష్టపోవడానికి సిద్ధపడేవాడు సాక్షి. లేచిన ప్రభువును మొదట చూసిన మగ్దలేనే మరియకు దొరికిన పని కూడా అదే, వెళ్లి చెప్పడం. అజరయ్య వేదాంతమంతా ఇందులో ఇమిడి ఉంది.

రాజకీయాల్లోనూ ఆయన తన సంఘానికి లాభం వెతకలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే వద్దన్నాడు. సంఘం తన చుట్టూ గోడ కట్టుకుంటే సాక్ష్యం పోతుందని ఆయన భయం. అదే సమయంలో, మతం మార్చుకునే విషయంలో గాంధీజీతో ఆయనకు తీవ్రమైన భేదాభిప్రాయం వచ్చింది. దేశాన్ని ప్రేమిస్తూనే, పేదవాడు తన మనస్సాక్షి ప్రకారం క్రీస్తును ఎంచుకునే హక్కును ఆయన వదులుకోలేదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ ఎపిఫనీ కథెడ్రల్‌ను చూస్తే ఆయన మనసు అర్థమవుతుంది. దేవాలయాల్లోని రాతి స్తంభాల తీరు, మసీదుల గుమ్మటాల తీరు కలిసి అక్కడ క్రీస్తు ఆరాధనకు నీడనిస్తాయి.

ఆయన మోసిన మరో భారం సంఘ ఐక్యత. 1919లో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల గురువులు కలుసుకున్నప్పుడు ఆయన ముందుండి నడిపించాడు. దోర్నకల్ ఆంగ్లికన్, సికింద్రాబాద్, మెదక్ వెస్లియన్ మెథడిస్టు అంటూ ఒకే తెలుగు నేల మీద మిషన్ల పేర్లతో విడిపోయి ఉండడం ఆయనకు మింగుడుపడలేదు. దాదాపు ముప్పై ఏళ్లు ఆ చర్చలు సాగాయి. 1945 జనవరి 1న దోర్నకల్‌లో, డెబ్భై ఏళ్ల వయసులో ఆయన ప్రభువు నందు నిద్రించాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడే నాటికి ఆయన లేడు. మోషే లాగా కొండ మీద నుంచి చూశాడు, లోపలికి మనం వచ్చాం. దోర్నకల్, మెదక్ ఈనాడు ఒకే సంఘంలోని అధ్యక్ష ఖండాలై ఉన్నాయంటే, అందులో ఆయన కన్నీటి ప్రార్థనలు ఉన్నాయి.

ప్రియ పాఠకులారా, ఉజ్జీవం అనగానే మనం పెద్ద పందిళ్లు, మైకులు, పేరున్న ప్రసంగీకుల కోసం చూస్తాం. అవి వస్తాయి, పోతాయి. అజరయ్య చూపిన దారి అంతకంటే కష్టమైనది, అంతకంటే దగ్గరలో ఉన్నది. ఈ ఈస్టర్ కాలంలో మన ఇంట్లో పనిచేసే మనిషితో, మన అపార్టుమెంటు కాపలాదారుతో, ఆఫీసులో పక్క బల్ల దగ్గర కూర్చునే వ్యక్తితో మనం ఎలా మెలుగుతున్నామో చూసుకుందాం. పిల్లల పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి కులం పేరు అడుగుతున్నామా? కమిటీ ఎన్నికల్లో వర్గాలు కట్టి, అదే ఆదివారం ఒకే బల్ల దగ్గర మోకరిస్తున్నామా? అలాగైతే సమాధి రాయి దొర్లిపోయినా మన తలుపు ఇంకా మూసే ఉన్నట్టు.

అయినా నిరాశ అక్కర్లేదు. మూసిన తలుపుల మధ్యకే ప్రభువు వచ్చి సమాధానం ప్రకటించాడు. వల పట్టుకుని వెనక్కి వెళ్లిన పేతురు కోసం ఒడ్డున నిప్పులు రాజేసి, రొట్టె, చేపలు సిద్ధం చేసి పెట్టాడు. తిట్టలేదు, పిలిచాడు. గొర్రెలను అప్పగించాడు. పెంతెకొస్తు వరకు మనకు ఇంకా ఆదివారాలు మిగిలి ఉన్నాయి. మన బాప్తిస్మాన్ని జ్ఞాపకం చేసుకుని, దోర్నకల్ పల్లెల్లోని ఆ కూలి తల్లుల్లాగా, మన చెయ్యి మన తల మీద పెట్టుకుందాం. గడియ తీయవలసింది లోపలున్న మనమే.