ఉక్కు బంతిలో పగడపు గోడ వెంట: విలియం బీబీ

ఫ్లోరిడాలో పామ్ బీచ్ వైపు వెళ్లిన మనవాళ్లు చూసే ఉంటారు. అక్కడి డైవింగ్ పడవలు చాలా వరకు లంగరు వేయవు. మనుషుల్ని నీళ్లలోకి దింపి, వాళ్లు ప్రవాహంతో పాటే పగడపు దిబ్బల పక్కగా కొట్టుకుపోతూ ఉంటే, పైన తేలుతున్న గుర్తును చూసుకుంటూ పడవను వెనకాలే నడుపుతారు. దీన్నే డ్రిఫ్ట్ డైవింగ్ అంటారు. కాళ్లు పెద్దగా ఆడించే పని లేదు. బస్సు కిటికీలోంచి ఊళ్లు చూసినట్టు పగడాల గోడ పక్కనుంచి జరిగిపోతూ ఉంటుంది.

వీపున తగిలించుకునే గాలి సిలిండర్లు ఇంకా బజారులోకి రాని రోజుల్లోనే, 1930లో, ఒక అమెరికన్ ఇలాంటి ప్రయాణం చేశారు. రెండు టన్నుల పైచిలుకు ఉక్కు బంతిలో ముడుచుకుని కూర్చుని, ఓడ నుంచి ఇనుప కేబుల్‌కు వేలాడుతూ, సముద్రం అడుగున కొండ అంచుల వెంట కదిలారు. ఆయన పేరు విలియం బీబీ. అమెరికాలో ఆ రోజుల్లో ఆయన పేరు తెలియని ఇల్లు తక్కువ. ఇప్పుడు మన పిల్లలకు చెబితే ఎవరాయన అంటారు.

బీబీ 1877 జులై 29న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. పెరిగింది న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజ్‌లో. న్యూజెర్సీలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పక్కర్లేదు, మేమూ అక్కడి సైట్ల మీదే ఉంటున్నాం. కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు గానీ డిగ్రీ తీసుకోకుండానే బయటికి వచ్చేశారు. 1899లో న్యూయార్క్ జంతు ప్రదర్శనశాలలో, అంటే ఇప్పటి బ్రాంక్స్ జూలో, పక్షుల విభాగంలో ఉద్యోగంలో చేరారు. డిప్లొమాతో వచ్చి ఇంజనీర్ల మధ్య నెట్టుకొస్తున్న మాలాంటి వాళ్లకు ఈ సంగతి చదివితే కాస్త హుషారుగానే ఉంటుంది.

ఆయన మన దేశం కూడా వచ్చారు. నెమళ్లు, అడవికోళ్లు, ఫెజంట్ జాతి పక్షులు అన్నీ చూసి రాయడానికి 1909 చివర్లో బయలుదేరి సింహళం, కలకత్తా, డార్జిలింగ్, బర్మా, చైనా, జావా తిరిగారు. మన నాటుకోడికి మూలమైన ఎర్ర అడవికోడి కూడా ఆ పరిశోధనలో ఉంది. దాని మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1918 నుంచి 1922 దాకా నాలుగు సంపుటాలుగా వచ్చింది. మధ్యలో దక్షిణ అమెరికాలో బ్రిటిష్ గయానా అడవుల్లో పరిశోధన కేంద్రం పెట్టారు. చెరుకు తోటల కూలికి మనవాళ్లను ఓడల్లో ఎక్కించుకుపోయిన గయానా అదే.

పక్షుల మనిషి నీళ్లలోకి ఎలా దిగాడంటే, 1925లో ఆర్క్టరస్ అనే ఓడలో గలపాగోస్ దీవులకు వెళ్లినప్పుడు రాగి హెల్మెట్ పెట్టుకుని మొదలుపెట్టారు. ఆ హెల్మెట్ కింద తెరిచే ఉంటుంది. భుజాల మీద బరువుగా కూర్చుంటుంది. పడవలో ఉన్నవాళ్లు చేతి పంపు కొడుతూ ఉంటే గొట్టం ద్వారా గాలి వస్తుంది. నిటారుగా నిలబడినంతసేపు నీరు గడ్డం దగ్గరే ఆగుతుంది. కిందపడిన వస్తువు కోసం తల వంచారో, గాలి బయటికీ నీరు లోపలికీ! 1927లో హైతీ వెళ్లి అక్కడి పగడపు దిబ్బల మీద ఇలాగే నెలల తరబడి దిగారు. జింకు రేకు మీద పెన్సిల్‌తో నీళ్లలోనే నోట్సు రాసుకునేవారు. ఇది చదువుకున్నవాళ్ల పనే కాదు, ఎవరైనా ఒక్కసారి దిగి చూడాలి అని పుస్తకాల్లో, పత్రికల్లో తెగ ప్రచారం చేశారు.

అయితే హెల్మెట్‌తో పగడపు దిబ్బ పైభాగమే చూడొచ్చు. దిబ్బ ఒకచోట ఆగిపోయి, అక్కడి నుంచి గోడలా కిందికి దిగిపోతుంది. ఆ అంచు దగ్గర నిలబడి కిందికి చూస్తే నీలం తప్ప ఏమీ కనపడదు. అక్కడ ఏముందో చూడాలనే కోరిక బీబీని వదల్లేదు. లోతుకు దిగే యంత్రం చేయిస్తానని ఆయన ప్రకటించగానే ఎవరెవరో డ్రాయింగులు పంపారు. వాటిలో ఓటిస్ బార్టన్ అనే కుర్రాడి ఆలోచన నచ్చింది. మిగతావాళ్లవి డ్రమ్ము ఆకారాలు. బార్టన్ గీసింది గుండ్రటి బంతి. నీటి ఒత్తిడి అన్ని వైపుల నుంచీ సమానంగా పడాలంటే గుండ్రం కంటే మంచి ఆకారం లేదు. పైగా బార్టన్‌కు తాత ఆస్తి ఉంది, ఖర్చు తనే పెట్టుకున్నాడు.

ఇక్కడి నుంచి కథ మన పనివాళ్ల చేతుల్లోకి వస్తుంది. బంతిని న్యూజెర్సీలోని రోజెల్ ఊళ్లో వాట్సన్ స్టిల్‌మన్ హైడ్రాలిక్ మెషినరీ కంపెనీ పోత పోసింది. మొదట పోసినది 5 టన్నులు తూగింది. ఓడ మీద వించి అంత బరువు ఎత్తలేదు. దాన్ని కరిగించి మళ్లీ పోశారు, ఈసారి రెండుంబావు టన్నులు. లిఫ్టింగ్ కెపాసిటీ చూసుకోకుండా ఐటం తయారుచేయించడం నిన్నమొన్నటి జబ్బు కాదన్నమాట. బంతి వెడల్పు 4 అడుగుల 9 అంగుళాలు. కిటికీలకు 3 అంగుళాల మందం క్వార్ట్జ్ అద్దాలు, జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లవి. వేలాడదీసే ఉక్కు కేబుల్ ట్రెంటన్‌లోని రోబ్లింగ్ కంపెనీది. బ్రూక్లిన్ బ్రిడ్జి కట్టింది ఆ రోబ్లింగ్ కుటుంబమే. టెలిఫోన్ బెల్ కంపెనీది. ఫోను, కరెంటు తీగలు ఒక రబ్బరు గొట్టంలో కలిసి పైనుంచి లోపలికి వస్తాయి. అవి దూరేచోట నీరు కారకుండా గ్లాండ్ ప్యాకింగ్.

తలుపు అంటే 14 అంగుళాల కన్నం. దాని మూత బరువే 400 పౌండ్లు. మనుషులు పాక్కుంటూ లోపలికి దూరాక బయటినుంచి పది బోల్టులు బిగిస్తారు. లోపలివాళ్లు దాన్ని తీయలేరు. ఆక్సిజన్ సిలిండర్లు, వదిలిన గాలిలో చెడును, తడిని పీల్చుకోవడానికి ట్రేలలో రసాయనాలు ఉండేవి. గాలి కదలడానికి ఫ్యాను లేదు, తాటాకు విసనకర్ర! ఇద్దరూ చేత్తో విసురుకునేవారు. దీనికి బాతిస్ఫియర్ అని బీబీయే పేరు పెట్టారు.

పని జరిగింది బెర్ముడాలో. అమెరికా తూర్పు తీరానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్రిటిష్ దీవులు అవి. అక్కడ నాన్‌సచ్ అనే చిన్న దీవి మీద బీబీ బృందం మకాం. మనుషులు దిగేముందు బంతిని ఖాళీగా దింపి చూడాలనే పద్ధతి పెట్టుకున్నారు. అదే వాళ్లను బతికించింది అని మా అభిప్రాయం. మొదటి ఖాళీ పరీక్షలోనే రబ్బరు గొట్టం కేబుల్ చుట్టూ 45 మెలికలు తిరిగి వచ్చింది. సరిచేసుకుని 1930 జూన్ 6న ఇద్దరూ దిగారు. 300 అడుగుల దగ్గర తలుపు పక్కనుంచి నీరు సన్నగా కారుతోంది. పైకి లాగమంటారని ఎవరైనా అనుకుంటారు. బీబీ మాత్రం ఇంకా వేగంగా దింపమన్నారు. లోతు పెరిగే కొద్దీ ఒత్తిడి మూతను ఇంకా గట్టిగా అదుముతుందని ఆయన లెక్క. లెక్క సరిపోయింది, 803 అడుగుల దాకా వెళ్లి క్షేమంగా వచ్చారు. కొద్ది రోజులకే 1,426 అడుగులు.

ఈ రికార్డుల కంటే మమ్మల్ని పట్టుకున్నవి అదే కాలంలో తీరానికి దగ్గరగా చేసిన దిగుళ్లు. వాటికి లోతు తక్కువ, ప్రమాదం ఎక్కువ. బంతిని అడుగుకు కాస్త పైన వేలాడదీసి, పైన ఓడను మెల్లగా కదలనిచ్చేవారు. ఓడతో పాటు బంతి పగడాల మీదుగా, కొండ వాలు వెంట సాగుతుంది. బీబీ కిటికీకి ముఖం ఆనించి చూస్తూ, బెర్ముడా అడుగు భాగం ఎక్కడ ఎలా దిగుతోందో ఫోనులో చెప్పేవారు. నేల ఒక్కసారిగా లేచి ఎదురుగా గోడ వచ్చిందంటే వెంటనే ఎత్తమని చెప్పాలి. నేల పడిపోతే దింపమని చెప్పాలి. అలల మీద ఓడ ఊగితే కింద బంతీ ఊగుతుంది. క్వార్ట్జ్ అద్దం రాతికి తగిలితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. బంతి ముఖం తిరిగిపోకుండా బార్టన్ దానికి ఒక చుక్కాని బిగించాడు.

మన సైటు సంగతి తీసుకోండి. టవర్ క్రేను ఆపరేటర్‌కు లోడు దిగేచోటు చాలాసార్లు కనపడదు. కింద నిలబడిన సిగ్నల్ మ్యాన్ వాకీటాకీలో చెప్పే మాటే అతనికి కన్ను. అందుకే లోడు కింద ఎవరూ ఉండకూడదు, సిగ్నల్ ఇచ్చేవాడు దూరంగా ఉండాలి అని రోజూ పొద్దున మీటింగులో అరుస్తాం. ఇక్కడ సిగ్నల్ మ్యానే లోడు లోపల కూర్చుని ఉన్నాడు, బయటినుంచి పది బోల్టులు బిగించి! అతని మాట పైకి చేరి, వించి దగ్గరి మనిషి చెయ్యి కదిలే లోపు బంతి ముందుకు జరుగుతూనే ఉంటుంది.

పైన ఫోను పట్టుకున్నది గ్లోరియా హోలిస్టర్ అనే శాస్త్రవేత్త. బీబీ చెప్పే ప్రతి మాటా టైముతో సహా రాసుకుంటూ, లోతు ఎంతో కిందికి చెబుతూ, ఆమె లైను వదిలేవారు కాదు. ఆమె కూడా ఉత్త రాతపనికే ఉండిపోలేదు, 1930 జూన్‌లో తన పుట్టినరోజున 410 అడుగులు దిగారు. డెక్ మీద పని అంతా చూసుకున్నది జాన్ టీవాన్. ఆ సంవత్సరమే ఒకసారి 250 అడుగుల దగ్గర ఫోను తెగిపోయింది. లోతు పెద్దదేమీ కాదు. అయినా గొంతు వినపడకపోయేసరికి, అంతవరకూ ధైర్యంగా ఉన్న ఇద్దరూ భయపడిపోయారు. వెంటనే పైకి లాగించుకున్నారు. ఇంటికి ఫోను కలవని రోజున గదిలో మన పరిస్థితి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇది వేరే వివరించనక్కర్లేదు.

1932లో ఖాళీ పరీక్షలో ఒక కిటికీ దగ్గర లీకై బంతి నిండా నీరు చేరింది. లోపల ఒత్తిడితో నిండిన నీరది. పైకి తెచ్చి జాగ్రత్తగా బోల్టు వదులు చేస్తుంటే అది తుపాకీ గుండులా డెక్ మీదుగా దూసుకెళ్లి అవతల వించి ఉక్కును గాటు పెట్టింది. ఎవరూ దాని దారిలో లేరు. లోపల మనుషులుండగా ఆ లీకు జరిగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. ఆ సెప్టెంబర్ 22న సముద్రం అల్లకల్లోలంగా ఉన్నా 2,200 అడుగులు దిగారు. ఆ మాటలు ఎన్‌బీసీ రేడియోలో ప్రసారమయ్యాయి. దేశమంతా చెవులప్పగించి వింటుంటే లోపల పాపం బార్టన్‌కు వాంతులు.

1934లో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ డబ్బు ఇచ్చింది. బంతిని ముందు మళ్లీ ఫ్యాక్టరీకి పంపి పరీక్ష చేయిస్తే పాత అద్దాల్లో సన్న పగుళ్లు బయటపడ్డాయి. మార్పించారు. ఆగస్టు 15న 3,028 అడుగులకు చేరారు. అక్కడ చదరపు అంగుళానికి సుమారు 1,350 పౌండ్ల ఒత్తిడి. డ్రమ్ము మీద కేబుల్ చుట్లు డజను కూడా మిగల్లేదని పైనుంచి కబురు వచ్చింది. కాసేపు చూసి లాగమన్నారు. 15 ఏళ్ల పాటు ఆ లోతును ఎవరూ దాటలేదు. 1949లో దాటింది మళ్లీ బార్టనే, ఒంటరిగా, వేరే బంతిలో.

బీబీ మాటలన్నీ లోకం నమ్మలేదు. కిటికీలోంచి చూసిన కొన్ని చేపలకు, నమూనా చేతిలో లేకుండానే, ఆయన కొత్త పేర్లు పెట్టేశారు. ఆ చేపలు తర్వాత ఎవరికీ దొరకలేదు. తోటి శాస్త్రవేత్తలు అప్పట్లోనే వేళాకోళం చేశారు. పేర్లు పెట్టడంలో తొందరపడ్డారనే మేమూ అంటాం. కానీ సముద్రంలో దిగే కొద్దీ ఎరుపు ముందు మాయమై, చివరికి నీలం, ఆ తర్వాత చీకటి మిగలడం, ఆ చీకటిలో సొంత వెలుగుతో తిరిగే జీవులు, ఇవన్నీ కళ్లతో చూసి చెప్పింది ఆయనే.

1934 తర్వాత ఆ బంతిలో ఆయన మళ్లీ దిగలేదు. అడవులకే తిరిగి వెళ్లారు. 1949లో ట్రినిడాడ్‌లో అరిమా లోయలో ఒక ఎస్టేటు కొని, దానికి సిమ్లా అని మన కొండ ఊరి పేరు పెట్టారు. 1962 జూన్ 4న అక్కడే న్యుమోనియాతో పోయారు. సమాధి పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఉంది.

బంతి 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనానికి కనిపించింది. తర్వాత కోనీ ఐలాండ్‌లోని న్యూయార్క్ అక్వేరియంలో ఉంచారు. 1990లలో అక్కడ మరమ్మతులంటూ తీసి, సైక్లోన్ అనే రోలర్ కోస్టర్ కింద సామాన్ల యార్డులో పడేశారు. చాలా ఏళ్లు ఎండకూ మంచుకూ అక్కడే ఉంది. 2005లో మళ్లీ అక్వేరియంలోకి తెచ్చి జనం చూసేలా పెట్టారు.