ద్వారం వెంకటస్వామినాయుడుగారు

అందరికిని తెలిసిన పాటను వాద్యముపై వాయించుట తేలికయని పెక్కురు తలంతురు. నిజమునకు అంతకంటె కఠినమైన పరీక్ష లేదు. శ్రోతకు ఆ పాటలోని ప్రతి పదమును కంఠస్థము. వాద్యమునకో మాట లేదు. ఎచ్చట సంగతి తడబడినను, ఎచ్చట పదము విరిగినను సామాన్యుడు సైతము ఇట్టే కనిపెట్టును. ఈ పరీక్షయందు జీవితమంతయు నిలిచి గెలిచిన ఆంధ్రుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు.

రాయపూరు విజయనగరముల నడుమ రైలుమార్గము 1931లో పూర్తియయ్యెను. రైల్వే స్టేషనుకు చేరువనున్న మన గుఢియారీవారికి విజయనగరము పేరు క్రొత్తది కాదు. ఆ పట్టణమునకు వన్నె తెచ్చిన ఈ మహనీయుని చరిత్రమునకు మన సంచికయందు చోటిచ్చుట సముచితము.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించిరి. తండ్రిగారు సైన్యమున పనిచేసిరి. పిదప కుటుంబము విశాఖపట్టణమున స్థిరపడెను. బాల్యముననే చూపు మందగించుటచే బడిచదువు సాగలేదు. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు తమ్మునికి వయొలిన్ పాఠములు ప్రారంభించిరి. చూపు చాలని బాలునకు చెవియు వ్రేళ్లును తోడైనవి.

వయొలిన్ పడమటి దేశములనుండి వచ్చిన వాద్యము. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో ముత్తుస్వామి దీక్షితులవారి సోదరుడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు అలవరచిరి. పియానోపై ఒక్కొక్క మీటకు ఒక్కొక్క స్వరము నిర్ణయమై యుండును. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారుటకు వీలుండదు. వయొలిన్‌పై మెట్లు లేవు. నాలుగు తీగలపై వ్రేలు ఎచ్చట నిలుచునో అచ్చటనే స్వరము. అందుచే అది గమకమునకు మిక్కిలి అనుకూలము. అపస్వరమునకును అంతే అనుకూలము. వెండ్రుకవాసి తప్పినను శ్రుతి చెడును.

ఇక కుడిచేతి కమాను గాయకుని ఊపిరి వంటిది. పదము ముగియక మునుపే కమాను మరలినచో మాట తెగినట్లుండును. కమానును నిండుగా నడపుట, నాదమును పెంచుట, తగ్గించుట అను విషయములలో పాశ్చాత్యుల నేర్పును నాయుడుగారు మెచ్చిరి, శ్రద్ధగా గ్రహించిరి. ఆ నేర్పునంతయు త్యాగరాజస్వామివారి కృతుల సేవకు వినియోగించిరి. పద్ధతి ఎచ్చటిదైనను పాట మనదిగనే నిలిచెను.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసెను. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. అచ్చట విద్యార్థిగా చేరవచ్చిన నాయుడుగారిని ఉపాధ్యాయునిగనే నియమించిరని ప్రసిద్ధి. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరములు. 1936లో తామే ఆ కళాశాలకు అధ్యక్షులైరి.

ఆ దినములలో వయొలిన్ ప్రధానముగా గాయకుని వెన్నంటి నడచు పక్కవాద్యము. గాయకుని కంఠము ప్రక్కనుండగా మాట వినబడుచునే యుండును. ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ అండ లేదు. అట్టి కాలమున 1938లో వెల్లూరులో నాయుడుగారు వయొలిన్‌నే ప్రధానముగా గైకొని కచేరి చేసిరి. పక్కవాద్యము ప్రధానవాద్యమై సభను రంజింపజేయగలదని ఇట్టి కచేరీలవలన లోకమునకు తెలిసెను.

గౌరవములు వెదకుకొని వచ్చినవి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ సంగీత కళానిధి బిరుదమునిచ్చెను. 1952లో జగద్విఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మద్రాసులో న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట ఆయన వాదనము విని ఆనందించెను. 1953లో సంగీత నాటక అకాడమి పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించినవి. 1964 నవంబరు 25న నాయుడుగారు పరమపదించిరి. శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలాశాఖ ఆయన స్మారకముగా బిళ్లను వెలువరించెను.

నేడు మన పిల్లలు బడిలో హిందీయు ఇంగ్లీషును చదువుచున్నారు. పలువురకు తెలుగు పాటల వరుస వచ్చును గాని మాటలు రావు. కీబోర్డుపైననో వయొలిన్‌పైననో తెలిసిన పాటను వాయింపగోరు బిడ్డకు తల్లిదండ్రులు ముందుగా ఆ పాటను నోట పాడుట నేర్పవలెను; పదమెచ్చట మొదలై ఎచ్చట ముగియునో, దాని అర్థమేమో చెప్పవలెను. మాట ఎరుగని చేయి స్వరములను కూర్చగలదే గాని పాటను పలికింపజాలదు. నాయుడుగారి కమాను మనకు నేర్పు పాఠమిదియే. ఈ పాఠమును నేర్పుటకు విద్వాంసులు రానక్కరలేదు. సాయంకాలము ఇంట కూర్చుండి బిడ్డతో కలిసి పాడు అమ్మమ్మయైనను, నాయనమ్మయైనను చాలును.