ఎడారి నానబాలు: డాక్టర్ ఎంగెల్మన్

మన ఊళ్ల బాటల ప్రక్కన పెరిగే నానబాలు మొక్కను త్రుంచితే పాలు కారుతవి. దానిది యుఫోర్బియా జాతి. ఆ జాతిలోనే మరింత చిన్న మొక్కలు కొన్ని అమెరికా నైరృతి ఎడారులలో వాన పడగానే మొలిచి, ఇసుక మీద చాపవలె పరచుకొని, గింజలు రాల్చి ఎండిపోతవి. వీనిలో పెక్కింటికి శాస్త్రనామాలు పెట్టినవాడు ఎడారివాసి కాడు. మిసిసిపీ తీరాన సెంట్ లూయీ నగరంలో రోగులను చూచుకొనే వైద్యుడు, జార్జి ఎంగెల్మన్.

ఆయన 1809 ఫిబ్రవరి 2న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో జన్మించినాడు. 1831లో వైద్యపట్టం పొందినాడు. సహజరూపం తప్పిన పువ్వులను గూర్చి ఆయన వ్రాసిన సిద్ధాంతవ్యాసం వృద్ధుడైన గోథే మెప్పు పొందినది. 1832లో బంధువుల పక్షాన భూములు చూచుటకు అమెరికా వెళ్లి, 1835లో సెంట్ లూయీలో వైద్యం ఆరంభించినాడు.

పగలు వైద్యం, తీరిక వేళ మొక్కలు. పడమటికి పోయిన మిత్రులు ఎండిన మొక్కలను తెచ్చి ఇచ్చేవారు. వైద్యంలో ఆయన భాగస్వామి విస్లిజెనస్ 1846లో ఉత్తర మెక్సికోకు పోయి, యుద్ధం వల్ల నిర్బంధంలో ఉండి కూడ మొక్కలు సేకరించినాడు. తరువాత మెక్సికో సరిహద్దు సర్వేవారి సేకరణలూ వచ్చినవి.

ఈ మొక్కలు చూపుకు అన్నీ ఒక్కటే. పువ్వని మనం అనుకొనేది నిజానికి చిన్న గిన్నె. నడుమ ఒక ఆడుపువ్వు, చుట్టూ ఒక్కొక్క కేసరం మాత్రమే గల మగపువ్వులు, అంచున గ్రంథులు. ఎండి నలిగిన దానిని నానబెట్టి, భూతద్దం క్రింద విప్పి చూడవలె. ఎంగెల్మన్ గింజలను కూడ విడువలేదు. ఇసుకరేణువంత గింజ మీది గీతలు, గుంటలు చూచి జాతులను వేరుచేసినాడు. గ్లిప్టోస్పెర్మా అంటే చెక్కిన గింజ, స్టిక్టోస్పోరా అంటే చుక్కల గింజ. ఈ రెండు పేర్లూ 1859 నాటి సరిహద్దు సర్వే నివేదికలోనివే. ఆ ఎడారులను కంట చూడకముందే ఆయన ఇంత పని చేసినాడు!

సెంట్ లూయీలో హెన్రీ షా అనే ధనిక వర్తకుడు ఉద్యానం నిర్మిస్తూ ఉండెను. కంటికింపైన పూలు చాలవనీ, గ్రంథాలయమూ ఎండిన మొక్కల సంగ్రహమూ ఉండవలెననీ ఎంగెల్మన్ పట్టుపట్టినాడు. 1857లో ఐరోపాలో ఉండగా, షా పక్షాన, గతించిన బెర్న్‌హార్డి అనే ఆచార్యుని సంగ్రహాన్ని 600 డాలర్లకు కొన్నాడు. అందులో సుమారు 62,000 నమూనాలు. ఒక్కొక్కటి ఒక సెంటు కూడ పడలేదు. ఎండుటాకులకు అది ఎక్కువ ధర అనుకొనేవారు ఒక్క సంగతి గమనింపవలె. పేరు వ్రాతలో ఉంటే చాలదు, ఏ మొక్కను చూచి ఆ పేరు పెట్టిరో ఆ మొక్కయే నిలిచి ఉండవలె. లేకున్న రెండు తరాలకు పేరు దిక్కులేనిదగును.

1879లో భార్య డొరోథియా మరణించినది. ఆ దుఃఖంలో ఉన్న వృద్ధుని మరుసటి ఏడు సార్జెంట్, ప్యారీ అను వృక్షశాస్త్రజ్ఞులు పసిఫిక్ తీరపు అడవులకు తీసికొనిపోయిరి. అప్పుడాయనకు 71 ఏండ్లు. 1884 ఫిబ్రవరి 4న సెంట్ లూయీలోనే కన్నుమూసినాడు.

కుమారుడు ఆయన సంగ్రహాన్ని, సుమారు లక్ష నమూనాలను, ఆ ఉద్యానానికే ఇచ్చివేసినాడు. ఆయన వ్రాసుకొన్న వివరాలు, గీసిన బొమ్మలు 60 సంపుటాలుగా కట్టించి అక్కడనే భద్రపరచినారు.