సర్ థామస్ మన్రో: కొలిచి చూచిన నమ్మకము

నమ్మకము లేనిదే వర్తకము సాగదని మనకందరకు తెలిసినదే. అయితే నమ్మకము రెండు విధములు. రుజువు అడుగకయే మనస్సు నిచ్చునది భక్తి. సరుకు చూచి, తూచి, చిట్టా సరిచూచిన పిమ్మట కుదురునది రెండవది. ఈ రెండవదానిని పరిపాలనలో నిలిపిన వారిలో సర్ థామస్ మన్రో ఒకరు. మన కృష్ణగిరి ప్రాంతమే ఆయనకు తొలి పాఠశాల.

ఆయన 1761లో స్కాట్లండులోని గ్లాస్గో పట్టణమున ఒక వర్తకుని యింట జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారము చేయుచుండెను. అక్కడ యుద్ధము రాగా బాకీలు వసూలు గాక వ్యాపారము కూలినది. కుమారుడు ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి 1780లో మదరాసునకు వచ్చెను.

1792లో శ్రీరంగపట్టణపు సంధివలన కృష్ణగిరి, ధర్మపురి గల బారామహలు టిప్పు సుల్తాను నుండి కంపెనీకి వచ్చినది. హోసూరు 1799లో టిప్పు మరణించిన తరువాత చేరినది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ క్రింద మన్రో ఏడేండ్లు బారామహలులో పనిచేసెను. నడుమనున్న గుత్తదారు చెప్పిన లెక్కను నమ్ముటయా, పొలము చూచి రైతునే అడుగుటయా అను ప్రశ్న వారికి ఎదురైనది. వారు పొలములు కొలిపించిరి. రైతువారీ పద్ధతి ఇట్లు రూపొందెను.

1800 నుండి 1807 వరకు మన్రో దత్తమండలములకు కలెక్టరుగా నుండెను. అక్కడ 33 అడుగుల గొలుసుతో భూమిని కొలిపించెను. ఆ గొలుసు చదరము ఒక గుంట; 40 గుంటలు ఎకరము. కొలిచినవాని మాటయు చాలదని, పరీక్షకులచేత మరల కొలిపించెను. అయినను పన్ను రైతుకు బరువైనది. ఆ సంగతి కప్పిపుచ్చక, నాలుగవ వంతు తగ్గించవలెనని 1807లో తానే పైవారికి వ్రాసెను. వారు అప్పుడు అంగీకరించలేదు. 1820లో ఆయన మదరాసు గవర్నరైన పిమ్మటనే అది అమలైనది.

1813లో పార్లమెంటువారు పిలిచి, ఇంగ్లండు సరుకు ఇండియాలో అమ్ముడుపోవునా అని అడిగిరి. ఒక దేశవాళీ శాలువను తాను ఏడేండ్లు వాడినను దానియందు మార్పు మిక్కిలి స్వల్పముగానే కానవచ్చెనని, ఐరోపా శాలువ ఊరక ఇచ్చినను వాడనని మన్రో జవాబిచ్చెను. తాను వాడి చూచినదే ఆయన సాక్ష్యము.

1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించెను. కాని జనులు వేరొక కథ చెప్పుకొందురు. కడప జిల్లా గండిలో, మరణము దగ్గరపడిన వారికే కనబడు బంగారు తోరణము ఆయనకు కనబడినదట. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి మాటలాడినారట. రాయలసీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి.

ఈ కథలను గొలుసుతో కొలువలేము. భక్తి అనుకొని నమస్కరింపవచ్చును. అయితే ఒక పరదేశపు అధికారిపై ఇంత భక్తి ఊరక పుట్టలేదు. చేతికి వచ్చిన పట్టా, తగ్గిన పన్ను ముందు నమ్మకము కలిగించినవి. భక్తి దానిపై మొలచినది.

సమ్యగ్దర్శనముతోపాటు సమ్యగ్‌జ్ఞానము, సమ్యక్‌చారిత్రము కూడిననే మోక్షమార్గమని మన పెద్దలు చెప్పిరి. జినాలయమున చేతులు జోడించుటయు, దుకాణమున చిట్టా సరిచూచుటయు మన పిల్లలకు రెండును నేర్పుదము. ఒకదాని పని రెండవది చేయజాలదు.