కాకినాడకు దేహం రాసిచ్చిన జీవపరిణామ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్

కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో ఒక తెల్లజాతీయుడి అస్థిపంజరం ఉంది. ఆయన పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో, 1892 నవంబరు 5న. కన్నుమూసింది భువనేశ్వర్‌లో, 1964 డిసెంబరు 1న. పోయేనాటికి ఆయన భారత పౌరుడు. పూర్తి పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. డార్విన్ చెప్పిన జీవపరిణామ సిద్ధాంతాన్ని గణితంతో నిలబెట్టిన ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరు ఫిషర్, సీవాల్ రైట్. చదువుకున్న తెలుగువాళ్లలో కూడా ఈయన ఎముకలు మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయని తెలిసినవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఈయన సంగతి ఎందుకంటే, మన నాందేడ్ తెలుగు ఇళ్లలో పదో తరగతి పిల్లలు రెండు దారుల్లో ఉన్నారు. స్టేట్ బోర్డులో చదివేవాళ్లకు సైన్సు రెండో భాగంలో మొదటి పాఠమే అనువంశికత, ఉత్క్రాంతి. సి.బి.ఎస్.ఇ. బడికి వెళ్లేవాళ్ల ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలో అదే పాఠం పేరు 2023 నుంచి ఒట్టి అనువంశికత. జీవపరిణామం భాగం తీసేశారు. ఒకే వీధిలో అన్న పిల్లవాడికి తెలిసింది తమ్ముడి పిల్లవాడికి తెలియదు. సంఘం సమావేశాల్లో తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న కూడా రెండు రకాలుగా ఉంటుంది. కోతి నుంచి మనిషి పుట్టాడని పిల్లలకు చెప్పడం దైవదూషణ కాదా అని కొందరు, పాఠం ఎందుకు తీసేశారని మరికొందరు. ఈ రెండింటికీ హాల్డేన్ జీవితంలో చాలావరకు జవాబు దొరుకుతుంది.

ముందు ఒక మాట. మరాఠీలో జీవపరిణామాన్ని ఉత్క్రాంతి అంటారు. మన తెలుగు పెద్దవాళ్లకు ఉత్క్రాంతి అంటే ప్రాణం పోయే వేళ చేయించే గోదానం గుర్తొస్తుంది. మనవడు ఉత్క్రాంతి పాఠం బట్టీ పడుతుంటే నానమ్మ ఉలిక్కిపడిందంటే తప్పు ఆమెది కాదు. తెలుగులో మనం వాడవలసిన మాట జీవపరిణామం.

హాల్డేన్ తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరి మీద, గనుల్లోని విషవాయువుల మీద పరిశోధన చేసిన పెద్దమనిషి. ప్రయోగాలు తన మీదే చేసుకునేవారు, కొడుకును కూడా వదిలిపెట్టలేదు. ఒక గనిలోకి తీసుకెళ్లి నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఉపన్యాసం చదవమన్నారు. కాసేపటికి పిల్లవాడు ఆయాసపడి కూలబడ్డాడు. నేల మీద పడగానే ఊపిరి ఆడింది. తేలికైన గనివాయువు పైభాగాన చేరుతుందని, కింద గాలి బాగుంటుందని ఆ పాఠం. ఈ రోజుల్లో అయితే ఆ తండ్రి మీద కేసు పెడతారు. కొడుకు మాత్రం పెద్దయ్యాక అదే దారి పట్టారు. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది పోయినప్పుడు, వాళ్లు ఎలా చనిపోయారో తెలుసుకోవడానికి మూసిన గదిలో తానే కూర్చున్నారు. అలాంటి ప్రయోగాల్లోనే ఆయనకు వెన్నెముక దెబ్బతింది.

మరో విచిత్రం, ఆయనకు సైన్సు డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివి, తర్వాత గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రాలతో పట్టా తీసుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికాధికారిగా పోరాడి, మెసపొటేమియాలో గాయపడి, కోలుకోవడానికి మన దేశం వచ్చారు. మహూ కంటోన్మెంట్‌లో పనిచేశారు. తెల్లదొరగా ఇక్కడ తిరగడం ఆయనకు నచ్చలేదు. వస్తే మళ్లీ సమానుడిగానే రావాలని అప్పుడే అనుకున్నారంటారు. వచ్చేసరికి నలభై ఏళ్లు పట్టింది.

అసలు పని కేంబ్రిడ్జిలో మొదలైంది. 1924 నుంచి వరుసగా రాసిన వ్యాసాల్లో ప్రకృతి వరణం ఎంత వేగంగా పనిచేస్తుందో లెక్కకట్టారు. అందులో ఒక లెక్కను మన పిల్లలకు ఎవరైనా చెప్పవచ్చు. ఇంగ్లండులో రాత్రిపూట తిరిగే ఒక రెక్కల పురుగు ఉంది. అది లేత రంగుది, చెట్టు బెరడు మీద వాలితే కనిపించదు. ఫ్యాక్టరీల పొగతో చెట్లు నల్లబడ్డాయి. 1848లో మాంచెస్టర్ దగ్గర నల్లటి పురుగు ఒకటి దొరికింది. ఆ శతాబ్దం ముగిసేసరికి అక్కడ దాదాపు అన్నీ నల్లవే. లేత రంగువి పిట్టల కంటపడి పోతుంటే నల్లవి బతికి పిల్లల్ని పెట్టాయి. అంత తక్కువ కాలంలో అంత మార్పు రావాలంటే నల్ల పురుగులకు మిగిలే సంతానం లేతవాటికంటే సుమారు సగం ఎక్కువ ఉండాలని హాల్డేన్ లెక్క తేలింది. అంత పెద్ద తేడాను అప్పట్లో చాలామంది నమ్మలేదు. ముప్పై ఏళ్ల తర్వాత అడవుల్లో పురుగుల్ని వదిలి చూసిన పరిశోధకులకు పెద్ద తేడానే కనిపించింది. గాలి శుభ్రపడ్డాక లేతరంగు పురుగులు మళ్లీ పెరిగాయి కూడా. ఇందులో కోతీ లేదు, మనిషీ లేడు. జీవపరిణామం అంటే మొదట అర్థం చేసుకోవలసింది ఇదే. ఒక పురుగు రంగు మార్చుకోలేదు, తరతరానికీ గుంపులో పాళ్లు మారాయి. మనిషి విషయంలోనూ పుస్తకాలు చెప్పేది మనకూ వానరాలకూ ఎప్పుడో ఒకే పూర్వజులు ఉన్నారనే. ఇప్పుడు గోదావరి ఘాట్ మీద గంతులేసే కోతి మన తాత అని ఎవరూ అనలేదు.

1949లో ఆయన ఇంకో ఊహ చేశారు. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోనే థలసీమియా అనే రక్తదోషం ఎందుకు ఎక్కువ? ఆ దోషం ఒక పాలు మాత్రమే ఉన్నవాళ్లను మలేరియా అంతగా బాధించదేమో, అందుకే అది తరతరాలుగా నిలిచిందేమో అన్నారు. 1954లో ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో ఆలిసన్ అనే వైద్యుడు ఇలాంటిదే చూపించారు. కిన్వట్ దాటితే వచ్చే ఆదిలాబాద్ వైపు, విదర్భ వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఎంత బాధ పెడుతోందో మనకు తెలుసు. ఆ పిల్లలకు రక్తపరీక్ష చేసే నర్సమ్మకు, డాక్టరుకు ఈ పాఠం పనికొచ్చే పాఠం.

మతంతో ఆయన గొడవ చిన్నది కాదు. ఆయన నాస్తికుడు. 1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో జీవపరిణామం చెప్పినందుకు స్కోప్స్ అనే బడిపంతులుకు వంద డాలర్ల జరిమానా వేశారు. పై కోర్టు 1927లో సాంకేతిక కారణంతో ఆ శిక్ష కొట్టేసినా, చట్టం మాత్రం 1967 దాకా ఉంది. ఇంగ్లండులో అలాంటి చట్టం లేదు కానీ వ్యతిరేకించేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ముఖ్యుడు డగ్లస్ డ్యూయర్, మన దేశంలో ఐ.సి.ఎస్. ఉద్యోగం చేసి మన పక్షుల మీద పుస్తకాలు రాసిన మనిషి. హాల్డేన్ ఆయనతో తలపడ్డారు, కేథలిక్ రచయిత ఆర్నాల్డ్ లన్‌తో ఉత్తరాల్లో వాదించారు. ఎదుటివాళ్లను నోరు మూసుకోమనలేదు. అచ్చులో, అందరూ చదివేలా, పాయింటుకు పాయింటు జవాబు రాశారు. ఇది మన పెద్దలూ, మంత్రులూ చూడదగ్గ పద్ధతి.

అయితే ఆయన్ను దేవుడిని చేయనక్కరలేదు. కమ్యూనిస్టు పార్టీలో ఉండి, ఆ పార్టీ పత్రికలో వందలకొద్దీ సైన్సు వ్యాసాలు రాశారు. కూలివాడికి కూడా అర్థమయ్యేలా రాశారు, అది గొప్పే. కానీ సోవియట్ దేశంలో లైసెంకో అనేవాడు జన్యుశాస్త్రాన్ని బడుల్లోంచి, ప్రయోగశాలల్లోంచి తరిమేసినప్పుడు హాల్డేన్ గట్టిగా నోరు విప్పలేదు. వవిలోవ్ అంతటి శాస్త్రవేత్త 1943లో జైల్లో పోయాడు. 1948లో అక్కడ జన్యుశాస్త్రం పూర్తిగా నిషేధమైంది. హాల్డేన్ తర్వాత పార్టీకి దూరమయ్యారు, కానీ ఆలస్యంగా. పాఠాలు మాయం చేసేది మతం ఒక్కటే కాదని, పార్టీ కూడా ఆ పని చేస్తుందని ఆయన జీవితమే చూపిస్తుంది. లండన్‌లో ఇరవై నాలుగేళ్లు ప్రొఫెసరుగా ఉన్న మనిషికి ఆ ధైర్యం ఉండాల్సింది.

1957లో, సూయజ్ మీద బ్రిటన్ చేసిన దాడిని కారణంగా చెప్పి, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా వచ్చేశారు. మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ధోవతి, కుర్తా కట్టారు, మాంసం మానేశారు. జంతువుల్ని హింసించకుండా జీవశాస్త్రం చేయవచ్చని వాదించారు. ఖరీదైన యంత్రాలు లేకపోతే సైన్సు లేదనే మాట ఆయన దగ్గర చెల్లదు. ఒక శిష్యుడితో పూల రేకులు లెక్కపెట్టించారు, ఇంకొకరు కొబ్బరిచెట్ల ఆకులు కుడికి తిరిగాయా ఎడమకు తిరిగాయా అని లెక్క రాశారు. జీవితమంతా రిజిస్టర్లు నింపిన గుమాస్తాగా నాకు ఇది చాలా నచ్చుతుంది. కాగితం, పెన్సిలు, ఓపిక. బిలోలి, దెగ్లూర్ పల్లెబళ్లలో కూడా ఇది చేయించవచ్చు.

ఆయన శిష్యుల్లో మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు గారు, కాకినాడ పక్కనే ఉన్న పిఠాపురం ఆయన ఊరు. తర్వాత అమెరికాలో స్థిరపడి గురువుగారి జీవితం మీద పుస్తకాలు రాశారు. కృష్ణారావు గారు, మీరా ఖాన్ గారు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎంత తరచుగా జరుగుతున్నాయి, వాటి ఫలితం ఏమిటి అని పరిశీలించి 1963లో ప్రచురించారు. ఇది మన ఇళ్ల సంగతి. నాందేడ్‌లో ఎన్ని తరాలున్నా, పిల్లను మేనమామకో, మేనబావకో ఇవ్వడం మనలో ఇంకా ఉంది. హాల్డేన్ మన ఆచారాన్ని తిట్టడానికి రాలేదు, లెక్క చూడటానికి వచ్చారు. తల్లీతండ్రీ దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్లయితే, ఒకే పూర్వీకుడి జన్యువు రెండువైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం మేనబావ సంబంధంలో పదహారింట ఒకటి, మేనమామ సంబంధంలో ఎనిమిదింట ఒకటి. దాగి ఉన్న దోషం బయటపడే భయం అక్కడే. ఈ లెక్క పిల్లకు పదో తరగతిలో తెలియాలా, పెళ్లి కుదిరాక తెలియాలా? నా ఓటు పదో తరగతికే.

ఇక దేవుడి సంగతి. హాల్డేన్ నాస్తికుడే కానీ, మన దేశంలో డార్విన్‌ను ఒప్పుకోవడం యూరప్‌లో కంటే సులువని అనుకున్నారు. మనిషికీ జంతువుకూ మధ్య మన సంప్రదాయం గోడ కట్టలేదని ఆయన గమనించారు. చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు, ఆ తర్వాత పూర్తి మనుషులు అని వచ్చే దశావతారాల వరుస వెన్నెముక ఉన్న జీవుల పరిణామాన్ని స్థూలంగా పోలి ఉందని కూడా అన్నారు. ఈ మాట పట్టుకుని డార్విన్ కంటే ముందే మనకు అన్నీ తెలుసని సభల్లో చెప్పేవాళ్లున్నారు. అది అతి. పోలిక పోలికే, రుజువు కాదు. కానీ ఇంట్లో దశావతారాల పటం ఉన్నవాళ్లు ఈ పాఠానికి భయపడవలసిన పని లేదనడానికి ఆ పోలిక చాలు. పూజ చేసే చేత్తోనే పిల్లవాడికి ఈ పుస్తకం ఇవ్వవచ్చు.

ఆయన అనుకున్నంత సులువు కాలేదు. 2018 జనవరిలో మన మరాఠ్వాడాలోనే, ఔరంగాబాద్‌లో జరిగిన ఒక వైదిక సమ్మేళనానికి వచ్చిన అప్పటి కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ గారు, డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పని, బడి పుస్తకాల్లో మార్చాలని అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఖండించాయి. అలాంటి మాటలు మానుకోమని పెద్ద మంత్రి జావడేకర్ గారే చెప్పారు. 2023లో పాఠం తగ్గినప్పుడు మాత్రం మతం పేరు ఎవరూ ఎత్తలేదు. కరోనా తర్వాత పిల్లలకు భారం తగ్గించడమే కారణమన్నారు, పన్నెండో తరగతిలో ఉంది కదా అన్నారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు మళ్లీ పెట్టమని ఉత్తరం రాశారు. పదకొండులో కామర్సు, ఆర్ట్స్ తీసుకున్న పిల్లలు జీవశాస్త్రం చదవరు, వాళ్లకు పదో తరగతే ఆఖరి అవకాశం. మన ఇళ్లలో ఎక్కువమంది కామర్సే తీసుకుంటారు.

కలకత్తాలో హాల్డేన్ ఎక్కువ కాలం ఉండలేదు. కోపిష్టి మనిషి. 1961లో అమెరికా విద్యార్థులకు ఏర్పాటు చేసిన విందు విషయంలో గొడవ వచ్చి నిరాహారదీక్షకు దిగారు. ఆ ఏడాదే ఇన్‌స్టిట్యూట్ వదిలేశారు. బిజూ పట్నాయక్ ఒడిశా ప్రభుత్వం తరఫున పిలిస్తే భువనేశ్వర్ వెళ్లి ప్రయోగశాల పెట్టారు. క్యాన్సర్ వచ్చింది. లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని, ఆ రోగం మీదే నవ్వుతాలుగా పద్యం రాసి అచ్చు వేశారు. తన సంస్మరణ కార్యక్రమాన్ని తానే బి.బి.సి.కి రికార్డు చేసిచ్చారు. బతికినన్నాళ్లూ తన ఒంటి మీద ప్రయోగాలు చేసుకున్నవారు కాబట్టి, పోయాక కూడా దేహం పరిశోధనకూ పాఠానికీ పనికిరావాలని విల్లు రాశారు. 1958లో మొదలై, అప్పటికి ఆరేళ్లే నిండిన కాకినాడ రంగరాయ కళాశాలకు ఆ దేహం చేరింది.

సి.బి.ఎస్.ఇ. బడిలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక సూచన. మహారాష్ట్ర పదో తరగతి సైన్సు రెండో భాగం పుస్తకం బాలభారతి వెబ్‌సైట్‌లో డబ్బు లేకుండా దొరుకుతుంది, మరాఠీలోనూ ఇంగ్లీషులోనూ. మొదటి పాఠం కొద్ది పేజీలే, ఒక ఆదివారం చాలు. మరాఠీ రాని పెద్దవాళ్లకు పిల్లలతోనే చదివించి తెలుగులో చెప్పించుకోండి.