మదనపల్లె బాలుని మెలకువ



చేతిలో జపమాల కదులుతూనే ఉంటుంది, మనసు మాత్రం సికింద్రాబాద్ స్టేషనుకు పోయి బండి కోసం నిలబడుతుంది. పూజలో మోకరిల్లినా ఇంటి అద్దె లెక్క తెగదు. మన అలసటలో సగం ఇదే కాదా? ఈ సంగతిని జీవితమంతా పట్టి చూచిన తెలుగువారు జిడ్డు కృష్ణమూర్తి.

ఆయన 1895 మే నెలలో మదనపల్లెలో, ఒక రెవెన్యూ ఉద్యోగి ఇంట ఎనిమిదవ సంతానంగా జన్మించారు. పదేళ్ల వయసులో తల్లి పోయింది. పాఠం తలకెక్కదని బడిలో దెబ్బలు తిన్నారు. 1909లో తండ్రి పిల్లలతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరారు. రానున్న జగద్గురువు ఈ బాలుడేనని అక్కడి పెద్దలు తీర్మానించి, 1911లో ఆయన్ను అధిపతిగా పెట్టి ఒక సంఘమే స్థాపించారు. పసివాని తలపై ఎంత బరువో ఆలోచించండి!

ఆ బరువులో తోడు తమ్ముడు నిత్యానంద. అతనికి క్షయ. 1925 నవంబరులో అన్న ఓడలో ఇండియాకు వస్తుండగా, సూయజ్ కాలువ దగ్గర, కాలిఫోర్నియాలో తమ్ముడు మరణించాడని తంతి అందింది. తమ్ముడు బతుకుతాడని నమ్ముకున్న అభయాలన్నీ కూలిపోయాయి. గదిలో రోజుల తరబడి విలపించారు. ఓడ కొలంబో చేరేసరికి మాత్రం ఆయన ముఖం ప్రశాంతంగా ఉన్నదని తోటి ప్రయాణికుడు రాశారు. దుఃఖం నుండి పారిపోక, దానికి ఎదురుగా నిలబడినందువల్లనే అది సాధ్యపడిందని నాకు తోస్తుంది.

1929 ఆగస్టు 3న హాలండులోని ఒమెన్‌లో, దాదాపు మూడు వేల మంది ఎదుట, ఆ సంఘాన్ని తానే రద్దు చేశారు. ఆ తరువాత ఊరూరా తిరిగి చెప్పినది ఇంచుమించు ఒక్కటే. కోపం వస్తే కోపాన్ని, భయం వస్తే భయాన్ని తిట్టక, సమర్థించక, ఉన్నది ఉన్నట్టు చూడాలి. నడుస్తూ, తింటూ, ఇంటివారితో మాట్లాడుతూనే చూడాలి. దీనికి ఒక పద్ధతి పెట్టుకుంటే అదీ మరో అలవాటై మనసును మొద్దుబారుస్తుందన్నారు. మనశ్శాంతికి తరగతులు నడిపేవారికి ఈ మాట రుచించదు!

మతాలను, గురువులను కూడా ఆయన కాదన్నారు. అక్కడ నాకు ఆయనతో పేచీ ఉంది. తండ్రియైన దేవునితో మాట్లాడడం నేను మానలేను. అయినా చావు జరిగిన ఇంట అడుగు పెట్టగానే ఓదార్పు మాటలు వల్లించే నావంటి విచారణ గురువుకు ఆ ఓడ గది గుర్తుకు రావలసినదే.

ఆయన 1986 ఫిబ్రవరి 17న, తొంభై ఏళ్ల వయసున, తమ్ముడు పోయిన ఒహాయ్‌లోనే కన్నుమూశారు.