చదివి తేల్చినవాడు – గిడుగు రామమూర్తి పంతులు
(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం)

కిందటేడు ప్రాజెక్టు కోసం చెరకు ఎర్రకుళ్ళు తెగులు మీద ఇంతవరకు జరిగిన పరిశోధనలన్నీ చదివి ఒక సమీక్ష రాసుకు రమ్మన్నారు. లిటరేచర్ రివ్యూ అంటారు దాన్ని. పదిహేను పేపర్లు పోగుచేశాను. ఒక్కొక్క దాని సారాంశంలోంచి రెండేసి వాక్యాలు దించి, తెలుగులో పెట్టి, అట్ట వేసి ఇచ్చేశాను. మా మాస్టారు పేజీలు తిప్పి, వీటిలో చివరిదాకా చదివినవి ఎన్ని అని మాత్రం అడిగారు. రెండు అని చెప్పడానికి నోరు పెగల్లేదు.

ఆ కాగితాలు పట్టుకుని ఇంటికి వెళ్ళి మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన ముప్పై ఏళ్ళుగా చెరకు వేస్తున్నాడు. గెడ చీల్చితే లోపల ఎర్రబారి ఉంటుందనీ, ఆ ఎరుపులో అడ్డంగా తెల్లమచ్చలు ఉంటాయనీ, పులిసిన వాసన వస్తుందనీ నాకంటే ఆయనకే బాగా తెలుసు. కాని నేను రాసిన తెలుగు ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తనకి తెలిసిన తెగులు గురించే చదువుతున్నానని కూడా పోల్చుకోలేకపోయాడు.

చదవకుండా రాయడం ఒక తప్పు. ఎవరి కోసం రాస్తున్నామో వాళ్ళకి తెలియని భాషలో రాయడం ఇంకో తప్పు. ఈ రెండింటితోనూ జీవితమంతా పోరాడిన మనిషి మన ఉత్తరాంధ్రలోనే పుట్టాడు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. ఆయనకి చోడవరం బదిలీ అయింది. మన అనకాపల్లి పక్కనున్న చోడవరమే! అక్కడే 1875లో విషజ్వరంతో ఆయన చనిపోయారు. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్ళు. బంధువుల అండతో విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు హైస్కూల్లో చదువుకున్నారు. అక్కడ ఆయనకి సహాధ్యాయి గురజాడ అప్పారావు గారు. గురజాడ వారు పుట్టింది కూడా మన దగ్గరి ఎస్. రాయవరంలోనే.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. పై చదువుకి ఇంటి పరిస్థితులు ఒప్పుకోలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతం మీద మాస్టరుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి పరీక్షలు ఒక్కొక్కటే గట్టెక్కి బి.ఏ. పూర్తిచేశారు.

ఆ ప్రాంతంలో శ్రీముఖలింగం గుడి ఉంది. దాని గోడల నిండా శాసనాలు. ఆ పాత లిపి చదవడం తనంతట తనే నేర్చుకుని, గాంగ రాజుల చరిత్ర మీద వ్యాసాలు రాశారు. కళింగనగరం అంటే ఈ ముఖలింగమే అని వాదించారు. చరిత్ర పుస్తకంలో ఉన్నది పిల్లలకి అప్పజెప్పించి ఊరుకుంటే జీతం తగ్గదు కదా! అయినా మూలం చూడాలన్న పట్టుదల ఆయనది.

తర్వాత ఆయన దృష్టి శవరల మీద పడింది. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండల్లో ఉండే గిరిజనులు వాళ్ళు. వాళ్ళ భాషకి అప్పట్లో చెప్పుకోదగ్గ వ్యాకరణం గాని, నిఘంటువు గాని లేదు. తిరగేద్దామంటే పుస్తకాలే లేని చోట ఏం చేయాలి? తెలుగూ శవరా రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలెక్కి వాళ్ళ మధ్య తిరిగి, మాటమాటా విని రాసుకున్నారు. శవర పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడి పెట్టారు. మన్యం తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. విని రాసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడే పోయింది! అయినా మానలేదు. ఆయన శవర వ్యాకరణం 1931లో, శవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకి డెబ్బయ్యయిదేళ్ళు.

వాడుక భాషా ఉద్యమం అందరికీ తెలిసిందే. అయితే అది ఎలా నడిచిందో తెలుసుకోవాలి. 1907 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే దొర ఈ జిల్లాల్లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి ఎందుకయిందని ఆయనకి సందేహం కలిగింది. ఆ ప్రశ్న రామమూర్తి గారిని పట్టుకుని ఇక వదల్లేదు. ఆయనా, గురజాడా, యేట్సూ, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారూ ఒక జట్టయ్యారు. పండితులు మండిపడ్డారు. జయంతి రామయ్య పంతులు గారి వంటి ఉద్దండులు అవతలి పక్షాన నిలిచారు.

ఇక్కడ రామమూర్తి గారు కోపంతో నాలుగు మాటలని ఊరుకోలేదు. గ్రంథాల ముందు కూర్చున్నారు. వచనం ఎప్పుడూ గ్రాంథికంలోనే ఉండేదని పండితులంటే, పాత వచన రచనలు వెతికి తీసి, మనవాళ్ళు వచనంలో వాడుక మాటలు వాడుతూనే వచ్చారని చూపించారు. అలా తయారైంది గద్య చింతామణి. వాడుక భాష తప్పుల తడక అని పండితులంటే, వాళ్ళ రచనల్నే వరుసగా చదివి, వాళ్ళు నమ్మిన వ్యాకరణం ప్రకారమే వాళ్ళు ఎక్కడెక్కడ తప్పారో ఎత్తి చూపించారు. అది ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం. ప్రత్యర్థి పుస్తకాన్ని ప్రత్యర్థి కంటే జాగ్రత్తగా చదివినవాడు ఆయన. పాత కావ్యాల మీద ఆయనకి ద్వేషమేమీ లేదు. వాటిని చదవాలి, కాని ఈనాటి విషయాలు ఈనాటి భాషలో రాయాలన్నదే ఆయన వాదం.

ఇన్ని రుజువులు చూపిస్తే వెంటనే గెలిచారనుకుంటాం. గెలవలేదు. యూనివర్సిటీ సంఘంలో మెజారిటీ గ్రాంథికం వైపే మొగ్గింది. గురజాడ వారు 1914లో తన అసమ్మతిని పత్రంగా రాసి ఇచ్చారు. మరుసటి ఏడే కన్నుమూశారు. చిన్ననాటి స్నేహితుడు పోయాక భారమంతా రామమూర్తి గారి మీద పడింది. అప్పటికే రిటైరయ్యారు, చెవులు సరిగా వినపడవు. అయినా ఊరూరా తిరిగి సభల్లో ఉపన్యసించారు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. చివరికి 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద పెట్టుకున్న నిషేధం తీసేసింది. అది పండితుల కోట. ఆ కోట తలుపులు తెరుచుకోవడానికి పదిహేనేళ్ళకు పైగా పట్టింది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. దాంతో జీవితంలో ఎక్కువ భాగం గడిపిన ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న మద్రాసులో పోయారు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి గాని మన పాఠ్యపుస్తకాల్లో వాడుక భాష స్థిరపడలేదు. ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దండ వేసి వచ్చేస్తున్నాం.

మిత్రులారా! సైన్సు విద్యార్థికి ఈ తెలుగు మాస్టారితో పనేమిటని మీరడగవచ్చు. ముందు వాళ్ళు ఏం చెప్పారో పూర్తిగా చదవాలి. మనకి నచ్చనిది ఇంకా శ్రద్ధగా చదవాలి. పుస్తకం లేని చోట మనిషిని అడగాలి. ఆ మీదట మనం తేల్చింది అవతలివాడికి అర్థమయ్యేలా చెప్పాలి. మా ల్యాబులో నేర్పేది కూడా ఇదే కదా.

నా సమీక్ష మళ్ళీ రాశాను. ఈసారి ఆరే పేపర్లు, ఆరూ చివరిదాకా చదివాను. 1913 నుంచి చెరకు పరిశోధన జరుగుతున్న ఊళ్ళో పుట్టి, ఆ పరిశోధనా కేంద్రం గేటు లోపలికి మొదటిసారి అప్పుడే వెళ్ళాను. రాసింది మా నాన్నకి చదివితే మధ్యలో ఆపి, ముచ్చె ఎక్కడి నుంచి తెచ్చారో అది రాయలేదేమని అడిగాడు. నిజమే, రాయలేదు. తెగులు ముచ్చెతోనే చేలోకి వస్తుందని ఆరు పేపర్లు చదివి కూడా ఆ సంగతి వదిలేశాను. ఆ రాత్రి ఇంకో పేజీ చేర్చాను.